ఇంత బరువు ఆగుతుందా? ముందే లెక్క కట్టి చూసుకునే పద్ధతి

అర బిగించాలన్నా, కొత్త బల్ల చేయించాలన్నా, ఉన్న బల్ల మీదే పెద్ద చేపల తొట్టి పెట్టాలన్నా చివరికి వచ్చే ప్రశ్న ఒకటే: ఆగుతుందా? చాలామంది పలకను నాలుగుసార్లు తట్టి చూసి, "మంచి చెక్కే, ఏం కాదు" అని తేల్చేస్తారు. చాలాసార్లు నిజంగానే ఏం కాదు. ఏదైనా అయిన రోజున దగ్గరికెళ్లి చూస్తే మాత్రం ఆ మంచి చెక్క చెక్కుచెదరకుండానే ఉంటుంది. దాన్ని పట్టుకున్న స్క్రూ ఊడి ఉంటుంది, లేదా సన్నటి కాలు పక్కకు వంగి ఉంటుంది.

అందుకే "ఎంత మోస్తుంది?" అని అడిగే ముందు "పోతే ఎక్కడ పోతుంది, ఎలా పోతుంది?" అని అడగండి. పదార్థం బలం ఒక అంకె మాత్రమే. దానికి కొలతలు, ఆకారం, పొడవు, అతుకులు కలిస్తేనే కిలోల్లో జవాబు వస్తుంది. టేపు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్, హైస్కూలు లెక్కలు ఉంటే చాలు. ఒక హద్దు ముందే చెప్పాలి. అరలు, బల్లలు, స్టాండ్లు, తీగల పందిళ్లు వంటి వాటికే ఈ పద్ధతి. శ్లాబులు, బాల్కనీలు, ఇంటి స్తంభాల సంగతి స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాల్సిందే, అందులో బేరాల్లేవు.

ఉదాహరణకు ఒక పుస్తకాల అరను తీసుకుందాం. పొడవు 900 మి.మీ., వెడల్పు 250, మందం 18. రెండు చివర్లా ఆధారం ఉంది, మధ్యలో ఏమీ లేదు.

1. బరువులన్నీ కాగితం మీద పెట్టండి

పెట్టబోయే సామాను ఒక్కటే బరువు కాదు. మోసే వస్తువు ముందు తనను తాను మోసుకోవాలి. ఘనపు మీటరుకు ఉక్కు సుమారు 7,850 కిలోలు, కాంక్రీటు 2,400, గాజు 2,500, అల్యూమినియం 2,700, చెక్క రకాన్ని బట్టి 500 నుంచి 800. నీళ్లు లీటరుకు కిలో కాబట్టి వంద లీటర్ల తొట్టి అంటే నీళ్లే వంద కిలోలు. గాజు, ఇసుక, రాళ్లు దానికి అదనం.

మన అర మీద పుస్తకాలు బిగుతుగా పేరిస్తే సైజును బట్టి మీటరుకు 20 నుంచి 40 కిలోలు రావచ్చు. 30 వేసుకుంటే 0.9 మీటర్లకు 27 కిలోలు. పలక సొంత బరువు రెండున్నర కిలోల దాకా ఉంటుంది. మొత్తం 30 కిలోలు అనుకుందాం. లెక్కల్లో బలాన్ని న్యూటన్లలో రాస్తారు. కిలోకు 9.8 న్యూటన్లు, చేతి లెక్కకు 10 చాలు. అంటే 300 న్యూటన్లు.

మెల్లగా పెట్టే బరువుకూ ఒక్కసారిగా వదిలే బరువుకూ చాలా తేడా. ఎత్తు నుంచి పడేయకపోయినా, పలకకు ఆనించి చటుక్కున వదిలేసినా ఆ క్షణంలో పలక పడే శ్రమ రెట్టింపు దాకా పోతుంది. పిల్లలు ఎక్కి కూర్చునే అవకాశం ఉన్న ప్రతి దానికీ ఈ రెట్టింపు వేసుకోండి.

సొంత బరువును తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో కెనడాలో క్యుబెక్ వంతెన చూపించింది. రెండు స్తంభాల నడిమి దూరాన్ని 1,600 అడుగుల నుంచి 1,800కి పెంచారు గానీ, దానితో పెరిగిన ఉక్కు బరువును సకాలంలో మళ్లీ సరిగ్గా లెక్క కట్టలేదు. 1907 ఆగస్టు 29న, ఇంకా కడుతుండగానే, అడుగు భాగంలో నొక్కుడు మోస్తున్న ఉక్కు భాగాలు వంగిపోయి వంతెన నదిలో కూలింది. 75 మంది కార్మికులు చనిపోయారు. అప్పటికి దాని మీద ప్రయాణికుల రైళ్లేమీ తిరగడం లేదు.

2. ఏ భాగం మీద ఏ రకం బలం పడుతుందో గుర్తించండి

బరువు ఎక్కడ పుట్టిందో అక్కడి నుంచి నేల దాకా వేలితో దారి గీసుకుంటూ వెళ్లండి. పుస్తకం పలకను వంచుతుంది. పలక బ్రాకెట్‌ను కిందికి నొక్కుతుంది. బ్రాకెట్ తన పైవైపు స్క్రూను గోడలోంచి బయటికి లాగుతుంది. స్క్రూ ప్లగ్గును (గోడ రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాన్ని), ప్లగ్గు గోడను పట్టుకుని ఉంటాయి. ఒకే బరువు ఒకచోట వంపుగా, ఇంకోచోట నొక్కుడుగా, మరోచోట లాగుడుగా మారుతుంది. ఏ పదార్థానికైనా ఈ మూడింట్లోనూ ఒకే బలం ఉంటుందని అనుకోకండి.

3. పదార్థం బలం అంకెను తెచ్చుకోండి

ఈ అంకెను చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు అని చెబుతారు. మెగాపాస్కల్ అన్నా అదే. మామూలు మైల్డ్ స్టీలు సుమారు 250 దగ్గర సాగడం మొదలుపెడుతుంది. అంటే 10 మి.మీ. కమ్మీ, దాని కోత వైశాల్యం 78.5 చదరపు మి.మీ. కాబట్టి, సాగే ముందు దాదాపు 19,600 న్యూటన్లు ఆపుతుంది. చిటికెన వేలంత కమ్మీకి దాదాపు రెండు టన్నులు! చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అదే.

కాంక్రీటు కథ వేరు. ఎం25 రకం కాంక్రీటు అంటే, 150 మి.మీ. ఘనాన్ని 28 రోజులు నీటిలో ఉంచి యంత్రంలో నొక్కితే చదరపు మి.మీ.కు 25 న్యూటన్లు తట్టుకోవాలని. ఆ చిన్న దిమ్మ 56 టన్నులు మోస్తుందన్న మాట. దాన్నే లాగితే పదో వంతు దగ్గరే పగులుతుంది. కాంక్రీటు దూలంలో అడుగు వైపు కమ్మీలు వేసేది అందుకే. దూలం వంగినప్పుడు పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. సాగే చోట ఉక్కు ఉండాలి.

చెక్కలో దిశ ముఖ్యం. నార పొడవునా లాగితే గట్టిగా నిలుస్తుంది, నారకు అడ్డంగా లాగితే సులువుగా చీలిపోతుంది. ముడులు లేని చిన్న ముక్కను ల్యాబులో వంచితే మామూలు చెక్క కూడా 50 పైన చూపిస్తుంది. కానీ మన దగ్గరున్న పలకలో ముడులు, పగుళ్లు, తేమ ఉంటాయి. పైగా చెక్క అలసిపోతుంది. పది నిమిషాలు మోసిన బరువును పదేళ్లు మోయలేదు. ఏళ్ల తరబడి ఉండే బరువుకు దాని బలంలో దాదాపు 60 శాతమే నమ్మాలి. ఇవన్నీ పోగా చేతి లెక్కకు మామూలు చెక్కకు 8 వేసుకోండి. పొట్టు అతికించి చేసే పార్టికల్ బోర్డు అయితే ల్యాబులోనే 12 చుట్టుపక్కల ఉంటుంది. దానికి 3 దాటి వెళ్లొద్దు.

గాజు విషయంలో అంకెను అసలు నమ్మకండి. గాజు ఎందుకంత తక్కువ బరువుకే పగులుతుందో 1920లో గ్రిఫిత్ అనే ఇంజినీరు తేల్చాడు. కంటికి ఆనని గీతల కొసల దగ్గర బలమంతా పోగుపడి పగులు పరిగెడుతుంది. నిన్న ఆగిన గాజు అర, మధ్యలో ఒక్క గీత పడితే రేపు ఆగకపోవచ్చు. ఉక్కు అలా కాదు, విరిగే ముందు వంగి, సాగి ముందే హెచ్చరిస్తుంది. నా మట్టుకు, రెండు పదార్థాలు ఒకే బరువు మోస్తాయంటే ముందే హెచ్చరించేదాన్నే ఎంచుకుంటాను.

4. ఆ అంకెను తగ్గించుకోండి

ఎంతతో భాగించి తగ్గిస్తామో దాన్ని సేఫ్టీ ఫాక్టర్ అంటారు. ఉక్కుకు పైన చెప్పిన 250ని 1.67తో భాగించి సుమారు 150 వాడటం పాత అలవాటు, చేతి లెక్కకు ఇప్పటికీ బాగుంటుంది. బరువులెత్తే తాళ్లకు, గొలుసులకు తెగే బలంలో అయిదో వంతో, ఇంకా తక్కువో వాడతారు. చెక్కకు ఇచ్చిన 8లో, బోర్డుకు ఇచ్చిన 3లో ఈ తగ్గింపు ముందే ఉంది, మళ్లీ భాగించక్కర్లేదు.

5. ఆకారాన్ని లెక్కలోకి తీసుకోండి

అసలు తమాషా ఇక్కడుంది. ఒక ప్లాస్టిక్ స్కేలు తీసుకుని రెండు పుస్తకాల మధ్య పడుకోబెట్టి వేలితో నొక్కండి, వంగిపోతుంది. దాన్నే అంచు మీద నిలబెట్టి నొక్కండి, కదలదు. పదార్థం మారలేదు, బరువు మారలేదు. బలం వచ్చే దిశలో ఎత్తు మారింది, అంతే.

పలక వంపును తట్టుకునే శక్తికి సూత్రం: వెడల్పు × మందం × మందం ÷ 6. వెడల్పు ఒకసారి, మందం రెండుసార్లు. మన అరకు 250 × 18 × 18 ÷ 6 = 13,500. అదే పలకను అంచు మీద నిలబెడితే 18 × 250 × 250 ÷ 6 = 1,87,500. దాదాపు 14 రెట్లు. ఎత్తు రెట్టింపైతే బలం నాలుగు రెట్లన్న సంగతి 1638లోనే గెలీలియో చెప్పాడు. విచిత్రం ఏమిటంటే, బలం ఎంతో చెప్పే దగ్గర ఆయన లెక్క మూడు రెట్లు ఎక్కువ చూపిస్తుంది. దూలం కోత మొత్తం సాగుతుందనుకున్నాడు, పై సగం ఒక రకంగా కింది సగం ఇంకో రకంగా పని చేస్తుందని ఆయనకు తట్టలేదు. అయినా పోల్చి చూడటానికి ఆ నియమం సరిగ్గానే పనికొచ్చింది.

ఇక బరువు ఎంత వంచుతోందో చూడాలి. బరువు అంతటా సమానంగా పరుచుకుంటే: మొత్తం బరువు × పొడవు ÷ 8. అంతా నడిమధ్యలోనే పెడితే ÷ 4. ఒక చివరే గోడలో ఉండి రెండోది గాల్లో ఉంటే, కొసన పెట్టిన బరువుకు భాగించడమే లేదు: బరువు × పొడవు. బరువు అదే, పొడవు అదే, ఎక్కడ ఆనించాం, ఎక్కడ పెట్టాం అన్నదాన్ని బట్టి ఎనిమిది రెట్ల తేడా.

మన అరకు 300 × 900 ÷ 8 = 33,750. దీన్ని 13,500తో భాగిస్తే 2.5 వస్తుంది. చెక్కకు 8 దాకా అనుమతి ఉంది, హాయిగా ఆగుతుంది. పార్టికల్ బోర్డుకు 3 దాకానే, అంచు మీద ఉంది. విరగదు కదా అని ఇక్కడితో వదిలేస్తే పొరపాటే.

6. కుంగుడు విడిగా చూడండి

విరగకపోవడం ఒకటి, వంగకపోవడం ఇంకొకటి. వంగకుండా ఉండే గుణాన్ని బిరుసుదనం అనుకోండి, పాఠ్యపుస్తకాల్లో యంగ్ గుణకం అంటారు. చదరపు మి.మీ.కు న్యూటన్లలో ఉక్కుకు సుమారు 2,00,000, అల్యూమినియానికి 70,000, చెక్కకు 9,000 చుట్టూ, పార్టికల్ బోర్డుకు 2,500 చుట్టూ. మామూలు ఉక్కైనా, రెండింతలు బలమైన ఖరీదైన ఉక్కైనా ఈ అంకె ఒకటే. అంటే అర కుంగుతోందని అదే సైజులో గట్టి రకం ఉక్కు తెచ్చి వేస్తే డబ్బు పోతుంది, కుంగుడు మాత్రం అంతే ఉంటుంది.

సమానంగా పరుచుకున్న బరువుకు నడిమి కుంగుడు: 5 × బరువు × పొడవు × పొడవు × పొడవు ÷ (384 × బిరుసుదనం × ఆకార సంఖ్య). ఆకార సంఖ్య అంటే వెడల్పు × మందం × మందం × మందం ÷ 12. మన అరకు అది 1,21,500. లెక్క వేస్తే చెక్కకు 2.6 మి.మీ., బోర్డుకు 9 మి.మీ. పైన. పొడవులో 300వ వంతు, అంటే ఇక్కడ 3 మి.మీ., దాటితే కంటికి వంకర కనిపిస్తుంది. కాలం గడిచేకొద్దీ చెక్క కుంగుడు రెట్టింపు అవ్వొచ్చు, బోర్డుది అంతకంటే ఎక్కువ. ఏడాది తిరిగేసరికి బోర్డు అరలు ఊయలల్లా తయారయ్యేది ఇందువల్లే.

మందు ఏమిటి? పలక మార్చే ముందు పొడవు తగ్గించండి. మీటరుకు అదే బరువైతే, పొడవు సగమైనప్పుడు కుంగుడు పదహారో వంతుకు పడిపోతుంది. మధ్యలో ఒక ఆధారం పెట్టడానికి మించిన ఉపాయం లేదు. అది కుదరకపోతే ముందు అంచుకు 18 మి.మీ. మందం, 50 మి.మీ. ఎత్తున్న చెక్క పట్టీని నిలువుగా అతికించి స్క్రూలు వేయండి. వెనక అంచు గోడకు కొట్టిన రీపరు మీద ఆనితే మరీ మంచిది. ఆ ఒక్క పట్టీ ఆకార సంఖ్యే 1,87,500, అంటే మొత్తం పలక కన్నా ఎక్కువ. బోర్డు అరకు ఇలా చేస్తే కుంగుడు 9 నుంచి ఒకటిన్నర మి.మీ. దగ్గరికి వస్తుంది.

7. నిలువు కాళ్లను మరచిపోకండి

ఇందాకటి స్కేలునే నిలువుగా బల్ల మీద పెట్టి పైనుంచి అరచేత్తో నొక్కండి. నలగదు, విరగదు, ఠక్కున పక్కకు వంగుతుంది. సన్నగా, పొడవుగా ఉన్న కాళ్లు పోయేది ఇలాగే. ఎంత బరువు దగ్గర వంగుతుందో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1744లో చెప్పాడు: 9.87 × బిరుసుదనం × ఆకార సంఖ్య ÷ (పొడవు × పొడవు). ఇందులో పదార్థం బలానికి చోటే లేదు చూడండి.

రెండు మీటర్ల చెక్క కాలు, 30 × 30 మి.మీ. అనుకుందాం. నలిగిపోవాలంటే చదరపు మి.మీ.కు 30 న్యూటన్లు వేసుకున్నా 2,700 కిలోలు కావాలి. పక్కకు వంగిపోవడానికి 150 కిలోలే చాలు! సరిగ్గా సగంలో, రెండు దిశల్లోనూ కదలకుండా అడ్డ పట్టీలు కొడితే ఆ 150 కాస్తా 600 అవుతుంది. వాడుకలో మాత్రం ఇందులో మూడో వంతు దాటొద్దు, ఎందుకంటే ఏ కాలూ పుట్టుకతో తిన్నగా ఉండదు.

8. అతుకుల దగ్గర ఎక్కువసేపు ఆగండి

గోడ బ్రాకెట్ చూడండి. 300 న్యూటన్ల బరువు గోడ నుంచి 125 మి.మీ. దూరంలో ఉంది. బ్రాకెట్ నిలువు భాగంలో పై స్క్రూకూ కింది అంచుకూ మధ్య 150 మి.మీ. ఉంటే పై స్క్రూల మీద లాగుడు 300 × 125 ÷ 150 = 250 న్యూటన్లు. రెండు బ్రాకెట్లు పంచుకుంటే ఒక్కోదానికి 12 కిలోల చొప్పున. అందంగా ఉందని నిలువు భాగం 50 మి.మీ. మాత్రమే ఉన్న పొట్టి బ్రాకెట్ తెస్తే అదే లాగుడు మూడింతలు. స్క్రూ ఉక్కుకు ఇదేం లెక్క కాదు. ప్లగ్గు చుట్టూ ఉన్న గోడ గుల్లగా ఉంటే, రంధ్రం వదులుగా ఉంటే అక్కడే ఊడుతుంది. ప్లాస్టరులో ఆగిపోయిన స్క్రూను లెక్కలోంచి తీసేయండి. అది ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి.

1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. ఒకదాని కింద ఒకటిగా రెండు వంతెనలు. మొదటి డ్రాయింగులో పైకప్పు నుంచి దిగిన ఒకే కడ్డీ రెండింటినీ విడివిడిగా పట్టుకోవాలి. బిగించడం సులువవుతుందని దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు. కింది వంతెన పై వంతెన దూలాలకు వేలాడింది. ఒకే తాడును ఇద్దరూ పట్టుకుని వేలాడటానికీ, కిందివాడు పైవాడి కాళ్లు పట్టుకోవడానికీ ఉన్న తేడానే ఇది. పై దూలం కింద ఉన్న నట్టు మీద బరువు రెట్టింపైంది. అసలు మొదటి డ్రాయింగే నిబంధనల ప్రకారం చాలదని తర్వాత విచారణలో తేలింది. ఆ రాత్రి నట్టు దూలాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. కడ్డీలకు ఏమీ కాలేదు.

కాబట్టి బిగించేటప్పుడు "ఇది కాస్త సులువుగా ఉంటుంది" అని ఎవరైనా మార్పు చెబితే, రెండో పనిలో గీసిన దారిని మళ్లీ మొదటి నుంచి గీయండి. బోల్టు తల కింద వెడల్పాటి వాషరు వేయండి. చెక్క చివరకు మరీ దగ్గరగా రంధ్రం పెట్టకండి, నార వెంట చీలుతుంది. తుప్పు, చెద, తడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. అవి తిన్నంత మేర కొలతల్లోంచి తీసేసి మళ్లీ లెక్క వేయండి.

9. బరువు పెట్టి చూడండి

లెక్క బాగుందన్నాక కూడా ఒకసారి పరీక్ష పెట్టండి. పలక అడుగున రెండు చివర్ల మధ్య దారం బిగుతుగా కట్టి, నడిమధ్య దారానికీ పలకకూ ఎంత ఎడం ఉందో కొలిచి రాసుకోండి. బరువును నాలుగు విడతలుగా పెంచండి, ప్రతిసారీ కొలవండి. ప్రతి విడతకూ కుంగుడు ఒకే రీతిన పెరగాలి. నాలుగో విడతలో ఒక్కసారిగా ఎక్కువైతే అక్కడే ఆపేయండి. చివరికి వాడబోయే బరువుకు పాతిక శాతం ఎక్కువ పెట్టి ఒక రాత్రి వదిలేయండి. కింద ఎవరూ కూర్చోకుండా, కాళ్లు పెట్టకుండా చూసుకోండి.

పొద్దున బరువు తీశాక దారం దగ్గర కొలత పాత అంకెకు దాదాపు తిరిగి వస్తే సరే. చెక్కలో అర మిల్లీమీటరు తేడా మిగిలినా కంగారు లేదు. కుంగుడులో చెప్పుకోదగ్గ భాగం అలాగే ఉండిపోతే మధ్యలో ఆధారం వేసి మళ్లీ చూడండి. పలక తిన్నగానే ఉండి, బ్రాకెట్‌కూ గోడకూ మధ్య సన్నటి సందు కనిపిస్తే తప్పు ప్లగ్గుది. అదే రంధ్రంలో లావు స్క్రూ దూర్చకుండా, కాస్త పక్కన గట్టి చోటు చూసి కొత్త రంధ్రం వేయండి.